అడ్వాన్సు ఇవ్వని అద్దెదారులు

విజయవాడలో ఇంటి యజమానుల కష్టాల గురించి ఇంతవరకు ఎవరూ సరిగా రాయలేదు. అద్దెకుండేవారి కష్టాల మీద కథలు వచ్చాయి, కార్టూన్లు వచ్చాయి, రేడియో నాటికలు వచ్చాయి. ఇంటి ఓనరు అనగానే బనియను తొడిగి, చేతికి తాళంచెవుల గుత్తి ఇచ్చి, మోటారు స్విచ్చి పక్కన కాపలా నిలబెట్టి నవ్వించడం అందరికీ అలవాటైపోయింది. బనియను సంగతి నిజమే. రోహిణి కార్తెలో ఈ ఊళ్లో ఇంటి పట్టున చొక్కా తొడుక్కుని కూర్చునేవారి బుద్ధి మీదే నాకు అనుమానం. కానీ ఆస్తిపన్ను కట్టి, నీటిపన్ను కట్టి, మధ్యలో వచ్చిపోయిన చెత్తపన్ను కూడా కట్టి, సొంత ఇంట్లోనే పరాయివాడిలా మెలగవలసి వస్తున్న యజమాని గోడు ఎవరికి పట్టింది?

సత్యనారాయణపురంలో మా ఇంటికి నాలుగు వాటాలు. ఒకదానిలో మేముంటాం, మూడింటికి అద్దె వస్తుంది. ఇది కాగితాల మీది లెక్క. వాస్తవంలో మీటరు పెట్టె వెనక ఒక కాపురం, ఏసీ పెట్టె కింద ఒకటి, సన్నజాజి పందిట్లో ఒకటి, మెట్ల దగ్గర వేలాడుతున్న పాత కేబులు తీగకు ఒకటి. పెరట్లో వేపచెట్టు మీద ఎన్ని ఉన్నాయో ఆ చెట్టుకే తెలియాలి. వీటిలో ఏ ఒక్కటీ అడ్వాన్సు ఇవ్వలేదు. అగ్రిమెంటు రాసుకోలేదు. గేటు దగ్గర నిలబడి 'ఇల్లు ఖాళీ ఉందా అండీ' అని అడిగిన పాపాన పోలేదు. పక్షి ప్రేమికులు దీన్ని ప్రకృతి అంటారు. మా భాషలో దీని పేరు అక్రమ ప్రవేశం.

ఈ ఊళ్లో ఇల్లు అద్దెకివ్వడానికి ఒక పద్ధతి ఉంది. టులెట్ బోర్డు చూసి వచ్చినవారిని ముందు 'ఏ ఊరు మనది?' అని అడుగుతాం. తరువాత ఇంటిపేరు అడుగుతాం. ఇంటిపేరుతో కూడా తేలకపోతే 'మాంసాహారం తింటారా?' అని అడుగుతాం. ఈ మూడు జవాబులూ వచ్చేసరికి మనం తెలుసుకోదలచినది తెలిసిపోతుంది. దాన్ని మాత్రం నోరు తెరిచి అడగం. అలా అడగడం సంస్కారం కాదు. ఆ తరువాత పెళ్లయిందా, పిల్లలెందరు, చుట్టాలు ఎన్నాళ్లకోసారి వస్తారు, వస్తే ఎన్నాళ్లుంటారు, రాత్రి పది దాటాక గేటు తీయించే అలవాటుందా అనే చిన్న చిన్న వివరాలు. చివరికి పదకొండు నెలల అగ్రిమెంటు. అద్దె ఒప్పందం ఏడాది దాటితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి కనుక, దేశం మొత్తం మీద ఇంటి యజమానులు పన్నెండో నెలను క్యాలెండరులోంచి సగౌరవంగా తొలగించారు. ఇంత పకడ్బందీగా నడుస్తున్న వ్యవస్థలోకి ఒక పిచ్చుక నోట గడ్డిపోచతో దూరింది.

పిచ్చుకతోనే మొదలుపెడతాను, దాని మీద జనానికి సానుభూతి ఎక్కువ కాబట్టి. ముందుగా వచ్చేది మగపిచ్చుక. ఒంటరిగా వస్తుంది. ఒక కన్నం చూసుకుంటుంది, దాని ముందు కూర్చుని పొద్దస్తమానం కిచకిచమంటుంది. అది పాట అనుకుని మనం మురిసిపోతాం. నిజానికి అది ప్రకటన. ఇల్లు కుదిరింది, ఇల్లాలు కావలెను అని దాని తాత్పర్యం. ఆడపిచ్చుక వచ్చి కన్నం చూసి నచ్చితేనే సంసారం. బ్యాచిలర్లకు ఇల్లివ్వం అని ఈ ఊళ్లో గోడ గోడకీ రాసుకున్నాం. ఇంటర్ చదువులకు నలుమూలల నుంచీ పిల్లలు వచ్చే ఊరు కనుక ఆ మాట పెద్ద అక్షరాలతో రాయవలసి వచ్చింది. అలాంటి ఊళ్లో ఒక బ్రహ్మచారి, పట్టపగలు, యజమాని కళ్ల ముందే వాటా పట్టి, ఆ వాటా చూపించి పెళ్లి చేసుకున్నాడు. మా మేడమీద గదిలో ఉండాలని వచ్చి తిరిగి వెళ్లిపోయిన కుర్రాళ్లకు నేనేం సమాధానం చెప్పను?

ఇక ఆహారం సంగతి. పిచ్చుక నూకలు తింటుంది, జొన్నలు తింటుంది, గుమ్మానికి వరి కంకుల కుచ్చు వేలాడదీస్తే గింజ గింజా ఒలుచుకు తింటుంది. చూసినవాడెవడైనా శాకాహారి అనుకుని తాళంచెవులు ఇచ్చేస్తాడు. గుడ్లు పొదగబడేదాకా ఏ అనుమానమూ రాదు. పిల్లలు బయటపడిన రోజు నుంచీ తల్లీ తండ్రీ ఇద్దరూ గొంగళిపురుగులు, మిడతలు ముక్కున కరుచుకుని రావడం మొదలుపెడతారు. రోజుల పిల్లలు గింజలతో పెరగవు, వాటి ఎదుగుదలకు పురుగులే కావాలి. 'మేం ముట్టమండీ, పిల్లలు మాత్రం అప్పుడప్పుడు తింటారు' అని కిందటిసారి ఇల్లు చూడటానికి వచ్చినవారు చెప్పిన మాటే ఇది. వారికి ఇల్లివ్వలేదు. పిచ్చుక అప్పటికే గడ్డి సర్దేసుకుంది. తేనెపిట్ట పేరు చూసి మోసపోయేవారికీ ఒక మాట. పేరులోనే తేనె, బిడ్డలకు పెట్టేది సాలెపురుగుల్ని.

మరి మా మూడు ప్రశ్నలకూ నూటికి నూరు మార్కులు తెచ్చుకున్న అద్దెదారు లేడా అంటే, ఉన్నాడు. పావురం. గింజలు తప్ప మరొకటి దాదాపు ముట్టడు. తెల్లవారుజామునే లేచి గొంతులో ఏదో జపం మొదలుపెడతాడు. ఏకపత్నీవ్రతుడు. గుడ్లు రెండే పెడతారు, ఒకప్పుడు ప్రభుత్వం చెప్పినట్టు. పొదగడంలో భార్యాభర్తలు వంతులు వేసుకుంటారు, పగటి డ్యూటీ మగ పావురానిది, సాయంత్రం నుంచి తెల్లారేదాకా ఆడ పావురానిది. పిల్లలకు పెట్టేది కూడా పాలే. గొంతు దగ్గరి సంచిలో ఊరే పాలవంటి పదార్థాన్ని తల్లి, తండ్రి ఇద్దరూ పడతారు. ఇంత సాత్వికమైన కుటుంబం మనుషుల్లో దొరికితే అద్దెలో నేనే కొంత తగ్గిస్తాను.

ఆ కుటుంబం ఏసీ పెట్టె కింద చేసిన నిర్వాకం చూడాలంటే ముక్కుకు గుడ్డ కట్టుకుని రావాలి. నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పడేసి దాన్ని గూడు అంటారు. పిల్లల మలమూత్రాలు అక్కడికక్కడే పేరుకుపోయి, ఆ పుల్లలకు అదే సిమెంటు అవుతుంది. తరువాతి కాన్పు దాని మీదే. పురుగులు మేపిన పిచ్చుక, పందిట్లోని పిగిలిపిట్ట, తీగకు వేలాడే తేనెపిట్ట, ఈ మాంసాహారులందరి ఇళ్లలోనూ పసిపిల్లల మలం ఒక పలచని పొరలో మూటకట్టినట్టు బయటికి వస్తుంది. తల్లిదండ్రులు ఆ మూటను ముక్కుతో పట్టి దూరంగా పారేసి వస్తారు. ఏ పారిశుధ్య సిబ్బంది కోసమూ ఎదురుచూడరు. ఈ విషయాన్ని మా యజమానుల సమావేశంలో ప్రస్తావించాను. అంటే మన ప్రశ్నలు తప్పా అని ఒకాయన అడిగారు. ప్రశ్నలు తప్పెలా అవుతాయి, పక్షులే తప్పు అని సమావేశం ఏకగ్రీవంగా తేల్చింది.

తేనెపిట్ట ఇంటి దగ్గర కాస్త ఆగాలి. పది గ్రాములు తూగని ప్రాణి. మగదానికి నడుము మీద ఊదారంగు మెరుపు, పొట్టంతా పసుపు. ఆ సింగారం చూసుకుంటూ అటూ ఇటూ తిరగడమే దాని పని. కట్టుబడి మొత్తం ఆడపిట్టే చూసుకుంటుంది. తీగ చివర సంచిలా వేలాడే ఇల్లు. ఎండుగడ్డి నార, చెట్ల బెరడు ముక్కలు, కాగితం పేలికలు, గొంగళిపురుగుల పెంటికలు, ఏది దొరికితే అది. వీటన్నిటినీ పట్టి ఉంచేది సాలెగూటి పోగులు. పక్కవాటుగా గుమ్మం, ఆ గుమ్మం మీద వాన పడకుండా ముందుకు పొడుచుకు వచ్చిన చిన్న చూరు. చూరు అని నేను మర్యాదకు అంటున్నాను. అది సన్‌షేడు. ప్లానులో లేని సన్‌షేడు. మా ఇంటి సన్‌షేడు కూడా వీధిలోకి కొంత వచ్చిన మాట వాస్తవమే, కానీ మేం ప్లాను దాటిన కట్టడాల్ని రుసుముతో క్రమబద్ధం చేసే బీపీఎస్‌లో డబ్బు కట్టి తప్పును ఒప్పుగా మార్పించుకున్నాం. తప్పు చేయడం నేరం కాదు, కట్టకుండా చేయడం నేరం. తేనెపిట్ట ఏ కార్యాలయంలో ఎంత కట్టింది?

వాస్తు సంగతి ఎత్తితే రాత్రికి నిద్రపట్టదు. నైరుతిలో బరువుండాలని నేను పెరడు తవ్వించి నీళ్ల ట్యాంకు మార్పించాను. తేనెపిట్ట ఆ నైరుతి మూలలోనే, బరువు లేకుండా, గాలికి ఊగుతూ కాపురం పెట్టింది. రెండు గుడ్లు, రెండు పిల్లలు, రెండూ ఎగిరిపోయాయి. ఆరోగ్యంగా. మా వాస్తు సిద్ధాంతి గారిని పిలిచి చూపిస్తే, వేలాడే ఇళ్లకు శాస్త్రం వర్తించదన్నారు. ఫీజు మాత్రం వర్తించింది.

ఇంతకన్నా పెద్ద చిక్కు బూజు దగ్గర వచ్చింది. ఇల్లు ఖాళీ చేసేవారి అడ్వాన్సులోంచి బూజు దులిపించడానికీ, సున్నాలకూ కొంత మినహాయించడం ఈ ఊళ్లో ఆచారం. కింది వాటాలో ఉండి వెళ్లినావిడ ఆ మినహాయింపు దగ్గర ఆగి, 'బాబాయి గారూ, ఆ బూజు ఉండబట్టేగా పిట్ట గూడు కట్టింది. మేం దులిపేసి ఉంటే దానికి దారం ఎక్కడిది?' అంది. మా ఆవిడ ఆమె పక్షం చేరింది. యజమాని భార్య అద్దెదారు పక్షాన నిలబడటాన్ని ఏ చట్టం కింద ప్రశ్నించాలో నాకింకా తెలియలేదు.

మేకులు కొట్టరాదన్న నిబంధన పాటించినది ఒక్క కుట్టుపిట్టే. మందార ఆకుల అంచులు దగ్గరికి తెచ్చి, ముక్కుతో కన్నాలు పొడిచి, దూది, సాలెపోగు, నార దూర్చి కుట్టేస్తుంది. పోగు జారిపోకుండా బయట చిన్న ఉండలా నొక్కి ఉంచుతుంది. ఆ కుట్టిన దొన్నెలో మెత్తలు పరుచుకుని గుడ్లు పెడుతుంది. గోడకు గీత పడలేదు, సున్నం రాలలేదు. కానీ దానికి మందార మొక్క చాలు, ఇల్లు అక్కర్లేదు. మంచి అద్దెదారులకు మన ఇళ్లతో పనిలేకపోవడం ఈ వృత్తిలోని విషాదం.

వేపచెట్టు దగ్గరికి వస్తే విషయం రాజకీయమవుతుంది. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేపను రాష్ట్ర వృక్షంగా, రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. అంతకుముందు ఉమ్మడి రాష్ట్రంలో ఆ పదవి పాలపిట్టది. విభజన తరువాత అది తెలంగాణలో కొనసాగుతోంది. మా వేపచెట్టు తొర్రలో చిలకలున్నాయి. రాష్ట్ర వృక్షంలో రాష్ట్ర పక్షి నివసిస్తే దాన్ని ప్రభుత్వ క్వార్టర్సు అనాలి తప్ప ప్రైవేటు ఇల్లు అనలేం. ప్రభుత్వోద్యోగులంటే మాకు ప్రత్యేక గౌరవం. 2016లో వెలగపూడిలో సచివాలయం మొదలై హైదరాబాదు నుంచి ఉద్యోగులు తరలివచ్చిన రోజుల్లో, మెట్ల కింద స్టోరు గదికి కూడా అద్దె అడగవచ్చునన్న జ్ఞానం ఈ ఊరికి కలిగింది. వారికి ఇంటి అద్దె భత్యం ఉంటుంది. చిలకకు హోదా ఇచ్చి భత్యం ఇవ్వకపోవడం ఏ పే కమిషనూ పట్టించుకోని అన్యాయం. పంజరంలో పెట్టి జోస్యం చెప్పించడం కూడా నేరమే కాబట్టి, ఉన్న ఒక్క ఆదాయ మార్గమూ పోయింది.

చిటారు కొమ్మన కాకి. పుల్లలతో పాటు ఇనప తీగలు, బట్టల హ్యాంగర్ల ముక్కలు తెచ్చి అల్లుతుంది. చూడటానికి శ్లాబు వేయబోయే ముందు కట్టిన ఇనుమే. కాకి విషయంలో మన సమాజం ఎప్పుడూ ఒక మాట మీద లేదు. తద్దినం నాడు అది పితృదేవతల ప్రతినిధి. అది పిండం ముట్టేదాకా ఇంటిల్లిపాదీ డాబా మీద ఎండలో నిలబడి, చనిపోయిన పెద్దాయన కోరికలు ఒక్కొక్కటీ గుర్తు చేసుకుని వాగ్దానాలు చేస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మాత్రం ఎలుకలు, చుంచులు, పండ్లు తినే గబ్బిలాలతో కలిపి దాన్ని చీడ జంతువుల జాబితాలో రాసింది. 2022 సవరణతో ఆ జాబితానే ఎత్తేశారు. అంటే యాభై ఏళ్ల పాటు మన పితరులు చట్టరీత్యా చీడ. ఇంత అవమానం దిగమింగి కూడా కాకి ఏటా వేసవిలో వచ్చి ఇల్లు కట్టుకుంటుంది. కట్టుకుని, దాన్ని కోకిలకు సమర్పించుకుంటుంది.

కోకిల గురించి నిజం చెప్పడానికి ధైర్యం కావాలి. ఉగాది కవిసమ్మేళనంలో శాలువా కప్పించుకున్న ప్రతివారూ దాన్ని పొగిడినవారే. మావిచిగురు మేసి గొంతు సవరించుకుందని రాశారు. అది ఎవరి ఇంట్లో గుడ్డు పెట్టిందో ఆ కవితలో రాయరు. పాడేది మగకోకిల, నిగనిగలాడే నలుపు, ఎర్రటి కళ్లు. చుక్కల చుక్కల ఆడకోకిల ఆ సమయంలో ఎక్కడుందో కనుక్కోండి. కాకి గూటి చుట్టుపక్కల ఉంటుంది. మగడు కచేరీ పెట్టి కాకుల్ని వెంటపడేలా చేస్తే, ఆవిడ లోపలికి వెళ్లి పని ముగించుకు వస్తుందని చూసినవారు చెబుతారు. కాకి గుడ్డు పొదగడానికి పదహారు పదిహేడు రోజులు పడుతుంది, కోకిల గుడ్డుకు పన్నెండు నుంచి పద్నాలుగు. అంటే వెనక వచ్చిన కోకిల పిల్ల ముందే బయటపడి, నోరు తెరిచి, కాకి పిల్లల కంటే ముందు భోజనానికి కూర్చుంటుంది.

దీన్ని మా పరిభాషలో సబ్‌లీజు అంటారు. అగ్రిమెంటులో ఏడో షరతు: అద్దెదారు సదరు వాటాను ఇతరులకు ఇవ్వరాదు. పరీక్షలకని వచ్చిన బావమరిది పరీక్షలు రాసి, ఫలితాలు చూసుకుని, ఉద్యోగం వెతుక్కుని, పెళ్లి సంబంధాలు కూడా అదే వాటాలోంచి చూసుకున్న ఉదంతం నా సొంత అనుభవంలో ఉంది. అయితే అక్కడ కనీసం అక్కగారికి తెలిసే జరిగింది. ఇక్కడ కాకికి తెలియదు. తెలిసేసరికి తన కూడు తిన్నది వేరే గొంతుతో కూస్తూ ఎగిరిపోతుంది. అద్దె ఎగ్గొట్టి, ఇల్లు ఎగ్గొట్టి, పిల్లల పెంపకం కూడా ఎగ్గొట్టినదాన్ని వసంతదూత అని సన్మానించే సమాజంలో, నెల మొదటి తారీఖున అద్దె అడిగే మనిషికి పీనాసి అని పేరు.

పక్షుల పట్ల మాకు ప్రేమ లేదని మాత్రం అనకండి. 2010 నుంచి ప్రపంచమంతా మార్చి 20న పిచ్చుకల దినం జరుపుకుంటోంది, మేమూ జరుపుకుంటాం. కిందటిసారి మా వీధి యజమానులమంతా పిచ్చుకల్ని కాపాడండి అని బ్యానరు కట్టి ఫొటో దిగాం. ఆ బ్యానరు కట్టడానికి అడ్డొచ్చిన కొమ్మలు ముందురోజే కొట్టించాం. పెంకుటిళ్లు తీసేసి నున్నటి గోడలు లేపినప్పుడు చూరు పోయింది, దూలాల సందులు పోయాయి. ఆ సందుల్లోనే కదా పిచ్చుక తరతరాలుగా ఉన్నది అని ఎవరో పెద్దాయన గొణిగారు. అందుకు పరిష్కారంగా ఆన్‌లైన్‌లో చెక్క గూళ్లు తెప్పించి, సభ్యులందరికీ తలా ఒకటి ఇచ్చాం. సింగిల్ బెడ్‌రూము, గుండ్రటి ద్వారం, పడమటి గోడకు, సాయంత్రపు ఎండకు అభిముఖంగా. మా ఇంట్లో ఆ పెట్టెను చూసి పోయిన పిచ్చుక, మీటరు పెట్టె వెనక సందునే ఖాయం చేసుకుంది. ఉచితంగా ఇచ్చిన ఇంటిని తిరస్కరించే హక్కు దానికెవరిచ్చారన్నది మరో ప్రశ్న.

పావురాల మీద జరిగిన ప్రయత్నాలు కూడా చెప్పుకోవాలి. బాల్కనీలకు వలలు బిగిస్తామంటూ ఫోను నంబర్లు ఈ ఊళ్లో ప్రతి కరెంటు స్తంభం మీదా ఉన్నాయి. వల ఖర్చెందుకని పక్క వీధి ఇంటాయన గుంటూరు వెళ్లి, ఘాటైన రకం చూసి, కారం పట్టించి తెచ్చి కిటికీ గట్ల మీద దట్టంగా చల్లారు. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ అనే పదార్థం పక్షులకు అంటదు. మన నోట్లో దానికి ఉలిక్కిపడే గ్రాహకం పక్షుల్లో దాన్ని పట్టించుకోనే పట్టించుకోదు. మిరపకాయను తిని, గింజల్ని దూరాన విసర్జించి, మొక్కను వ్యాపింపజేయడానికి ప్రకృతి పక్షులతో కుదుర్చుకున్న ఏర్పాటు అది. ప్రపంచాన్ని కన్నీళ్లు పెట్టించిన గుంటూరు కారం మీద పావురం నింపాదిగా నడిచింది. గాలి తిరిగింది. ఆ సాయంత్రం ఆ వీధిలో తుమ్మనివారు పావురాలు మాత్రమే.

అనుమతుల సంగతి మాట్లాడుతూ ఒకటి దాటేయడం నిజాయితీ కాదు. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు రోజుల తరబడి జనం డాబాల మీద ఉన్నారు. ప్లాన్లున్న ఇళ్లు, పన్ను రసీదులున్న ఇళ్లు, బ్యాంకులు అప్పులిచ్చిన ఇళ్లు కింది అంతస్తు దాకా నీళ్లలో నిలబడ్డాయి. ఏటికి దారి వదలాలన్న సంగతి ఆ కాగితాల మీద ఎక్కడా పడలేదు. ఏ కాగితమూ లేని కాకి తన ఇంటిని ఎప్పటిలాగే చెట్టు పైకొమ్మన కట్టింది. ఇది యాదృచ్ఛికమని మా సంఘం అభిప్రాయం.

ఇన్ని ఉల్లంఘనలున్నాయి కదా, ఖాళీ చేయిద్దామని వకీలు గారి దగ్గరికి వెళ్లాను. మనుషుల్ని ఖాళీ చేయించడానికి మాకు వకీళ్ల అవసరం పెద్దగా లేదు. 'అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడు' అంటే చాలు. అబ్బాయి రాడు, అద్దె పెరిగి కొత్తవారు వస్తారు. అది చాలకపోతే మోటారు పాడవుతుంది. పక్షులకు మోటారుతో పనిలేదు. వకీలు గారు అదే 1972 చట్టం తీసి, వేట అనే మాటకు నిర్వచనం చదివారు. చంపడం, పట్టడం వంటివి సరే. అడవి పక్షుల విషయంలో గుడ్లు పాడుచేయడం, గుడ్లకు గానీ గూళ్లకు గానీ భంగం కలిగించడం కూడా వేట కిందికే వస్తుందట. చట్టం షెడ్యూళ్లలో ఉన్న పక్షిని గుడ్ల మీద ఉండగా కదిపితే వేటాడినట్టే.

నాకు నోట మాట రాలేదు. అద్దెదారును ఖాళీ చేయిస్తే వేటా! ముగ్గురు పిల్లలున్న సంసారాన్ని పరీక్షల నెలలో సామానుతో సహా వీధిలోకి పంపిన యజమానులు మా సంఘంలో గౌరవ పదవుల్లో ఉన్నారు. వారిని ఎవరూ వేటగాళ్లు అనలేదు. పదకొండు నెలల కాగితం చేతిలో ఉన్న మనిషికి లేని రక్షణ, ఏ కాగితమూ లేని పిట్టకు ఉంది. 'మరి గడువు?' అన్నాను. 'పిల్లలు ఎగిరిపోయేదాకా' అన్నారాయన. కన్సల్టేషన్ రుసుము ఇచ్చి వచ్చేశాను.

ఈ మాట నేను ఇంటికొచ్చి మెట్ల మీద నిలబడి కాస్త గట్టిగానే చెప్పాను. మేడమీద వాటాలో ఉండే లెక్కల మాస్టారు విన్నారు. ఆయన అగ్రిమెంటు గడువు మార్చితో తీరింది. రంగులు వేయించి, బాల్కనీకి గాజు తలుపులు పెట్టించి, అద్దె సవరించాలని నా ఆలోచన. ఆ సంగతి చెప్పడానికి పైకి వెళితే, ఆయన పెదవుల మీద వేలు పెట్టి, బాల్కనీలో క్రోటన్ కుండీ చూపించారు. నాలుగు పుల్లల మీద ఒక గువ్వ.

'రెండు గుడ్లండీ, బాబాయి గారూ' అన్నారు. 'పొదగడానికి రెండు వారాలు, రెక్కలు రావడానికి ఇంకో రెండు వారాలు. గువ్వ ఆ షెడ్యూళ్లలో ఉంది, వకీలు గారిని మీరే అడగండి.' అడిగాను. ఉందట.

నెల గడిచింది, పిల్లలు ఎగిరిపోయాయి. రంగులవాణ్ని వెంటబెట్టుకుని పైకి వెళ్లాను. అదే కుండీలో మళ్లీ రెండు గుడ్లు. గువ్వలకు ఒక కాన్పు కాగానే మరొక కాన్పు, ఏడాది పొడవునా ఏ నెలలోనైనా పిల్లల్ని చేస్తాయని ఇప్పుడు తెలిసింది. మాస్టారు పాత అద్దె ఒకటో తారీఖునే పంపించేస్తున్నారు, ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. వలవాడు వచ్చి చూసి, గూడు ఉండగా బిగించనన్నాడు. రంగులవాడు డబ్బాలు మా మెట్ల కింద పెట్టి ఇంకో పనికి వెళ్లిపోయాడు.

గువ్వకు ఆ కుండీ అంతగా ఎందుకు నచ్చిందని నేను విచారణ జరిపాను. నిన్న కిరాణా కొట్టు దగ్గర మాస్టారి స్కూటరు మీద జొన్నల బస్తా కనిపించింది. ఆ ఇంట్లో జొన్నరొట్టె తినేవారు ఎవరూ లేరు.